యంత్రము పిత్రార్జితము

(రామగిరి పాదసీమను, సెంటినరీ కాలనీలో, గనికార్మికుల స్మృత్యర్థము గావించిన ఉపన్యాసమునకు ముద్రితపాఠము)

స్మారకోపన్యాసములు సామాన్యముగా ఒక మహనీయుని నామముతో ముడివడియుండును. నేటి ఉపన్యాసము అట్టిది కాదు. ఈ నేల క్రింద పనిచేయుచు ప్రాణములు కోల్పోయిన వారందరి స్మృతికిని ఇది అంకితము. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించిన దినము మీలో పలువురకు జ్ఞాపకముండును. 2022 మార్చి 7వ తేదీన, ఈ మండలముననే, అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించిన వార్త ఇంకను మనలను వీడలేదు. ఆ ముగ్గురిలో అధికారులును ఉండిరి, కాంట్రాక్టు కార్మికుడును ఉండెను. కూలిన కప్పు వారి హోదాలను అడుగలేదు.

ఎదుట కనిపించుచున్న ఈ రామగిరి దుర్గము కాకతీయుల నాటిదని చెప్పుదురు. శ్రావణమాసమున వనమూలికలకై దీని నెక్కెడివారు నేటికిని ఉన్నారు. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు ప్రవాసముండిన రామగిరి ఇదియేనని మన పెద్దల విశ్వాసము. పండితులలో పలువురు మాత్రము అది నాగపురము చెంతనున్న రామ్‌టెక్ అందురు. ఆ వివాదమును తీర్చుట నా యుద్దేశము కాదు. కాని ఆ యక్షుని స్థితి నాకు తరచు స్ఫురణకు వచ్చుచుండును. అతడు కొలువులో ఏమరుపాటు చూపి, యజమాని శాపమున ఊరు విడిచినవాడు. అతని శిక్షకు కారణముండెను. ఒక యేడాది యను గడువును ఉండెను. గత ముప్పది సంవత్సరములలో ఈ బొగ్గుసీమలో కొలువు విడిచినవారును, కొలువు దొరకక దేశాంతరము పోయిన వారి బిడ్డలును ఏ ఏమరుపాటును చూపలేదు. వారికి గడువును లేదు.

యంత్రము మనుష్యుని పనిని తాను చేయుట నేర్చుకొనుచున్న ఈ కాలమున, ఆ యంత్రము వలన కలుగు సంపదలో ప్రతి మనిషికిని పుట్టుకతోనే ఒక పాలు కలదనియు, ఆ పాలు దయ కాదు, దాయమనియు నేడు మీ ముందు ప్రతిపాదింపదలచితిని. ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని సార్వత్రిక కనీస ఆదాయమని పిలుచుచున్నారు: ధనికుడు, దరిద్రుడు, పనిచేయువాడు, చేయలేనివాడు అను భేదము లేక, షరతు లేక, ప్రతి వ్యక్తికిని నెలనెలా కొంత పైకము. ఈ మాట విన్నంతనే అది పాశ్చాత్యుల ఊహ యనియు, మన దేశమునకు పొసగని విలాసమనియు తోచవచ్చును. కాని ఈ ఊహకు మూలమైన న్యాయము మన ఇండ్లలో, మన పంపకములలో, మన బొగ్గుబాయిలలో చిరకాలముగా ఉన్నదే.

ముందుగా మన చరిత్రను కొంత స్మరింతము. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనిహక్కులు పొందెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. ఆ నూరేండ్ల పండుగ పేరునే మన కాలనీ మోయుచున్నది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించెను. 1945లో నిజాం ప్రభుత్వము అత్యధిక వాటాలను కొనెను. నేడు ఈ సంస్థలో 51 శాతము తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వమునకును, 49 శాతము కేంద్ర ప్రభుత్వమునకును చెందియున్నది. అనగా దీనికి ప్రజకంటె వేరైన యజమాని లేడు. ఈ మాటను మీరు గుర్తుంచుకొనగోరుచున్నాను. నా వాదము చివరకు దీనిమీదనే నిలుచును.

మా తండ్రిని మేము బాపు అని పిలిచెడివారము. ఆయన గోదావరిఖనిలో ఫిల్లర్. చెమ్మసుతో బొగ్గును తట్టకెత్తి, ఆ తట్టను మోసికొనిపోయి టబ్బులో కుమ్మరించుట ఆయన పని. ఎన్ని టబ్బులు నిండినచో అంత కూలి. ఇంటికి వచ్చి వేడినీటితో ఎంత తోముకొన్నను కనురెప్పల అంచున బొగ్గు సన్నని నల్లగీతవలె నిలిచిపోయెడిది. పసితనమున నేను దానిని కాటుక అనుకొంటిని. బాపు కాటుక పెట్టుకొనునని తోడిపిల్లలతో వాదులాడితిని. ఆయన కుడిభుజము ఎడమభుజముకంటె ఒకింత క్రిందికి వ్రాలియుండెడిది. పని మానిన పిమ్మట పదునెనిమిదేండ్లు బ్రదికెను గాని ఆ భుజము మరల పైకి లేవలేదు.

కొన్నేండ్ల క్రిందట అనుమతి పొంది నేను ఒక లాంగ్‌వాల్ గనిలో దిగితిని. ఉక్కు షీల్డులు వరుసగా నిలిచి కప్పును మోయుచుండెను. షియరర్ అను కోతయంత్రము, పండ్లు పొదిగిన చక్రమును త్రిప్పుచు, బొగ్గుగోడ వెంట ఈ కొసనుండి ఆ కొసకు నడచుచుండెను. రాలిన బొగ్గు ఇనుపగొలుసుల కన్వేయరుమీద పడి ప్రవాహమువలె పోవుచుండెను. కోత సాగినకొలది షీల్డులు తమంత తాము ఒక అడుగు ముందుకు జరుగుచుండగా, వెనుక విడిచిన కప్పు పెద్ద నిట్టూర్పుతో కూలుచుండెను. తట్ట లేదు, చెమ్మసు లేదు. బొత్తాముల పెట్టె మెడలో వ్రేలాడదీసికొన్న ఒక యువకుడు నాతో ఏదో చెప్పెను. ఆ మ్రోతలో వినబడలేదు. పైకి వచ్చిన తరువాత మరల అడిగితిని. “మా బాపు గూడ ఫిల్లరే సార్. ఆయిన ఇది సూస్తె నమ్మడు” అనెను. ఆ యువకుని భుజములు రెండును సమముగా ఉన్నవి. యంత్రమును శత్రువుగా భావించు వాదము నాకు అంగీకారము కాకపోవుటకు ఆ భుజములే కారణము. తట్ట మోయుట తిరిగి రావలెనని కోరుట మా బాపునకు ద్రోహము.

కాని ఆ గనిలో నేను చూడనిది మరియొకటి కలదు. ఒకప్పుడు అంత బొగ్గు తీయుటకు అవసరమైన వందలాదిమంది ఫిల్లర్లు అచ్చట లేరు. 1990 దశకారంభమున సింగరేణిలో లక్షా పదివేలకు పైబడిన కార్మికులుండిరి. వారు ఏటికి తీసిన బొగ్గు సుమారు రెండు కోట్ల టన్నులు. 2023–24లో సంస్థ తీసిన బొగ్గు ఏడుకోట్ల టన్నులు. శాశ్వతోద్యోగులు సుమారు 40 వేలు. సుమారు 25 వేల కాంట్రాక్టు కార్మికులను కలిపి లెక్కించినను, ఒక్కొక్క మనిషి వంతునకు వచ్చు బొగ్గు నాటికంటె ఆరింతలైనది. ఇందులో పెద్ద భాగము లాంగ్‌వాల్ వలన గాక ఉపరితలగనుల వలన, అనగా షవెళ్ల వలన, డంపర్ల వలన వచ్చినదే. కాని న్యాయము రెంటికిని ఒకటే. పని తరిగినది, సంపద పెరిగినది. ఆ పెరిగిన సంపద ఎవరిది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను మన పాత ధర్మశాస్త్రమునొద్దకు పోయితిని. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. పదమూడవ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగున పద్యములలో నిలిపెను. మన ప్రాంతమున శతాబ్దులుగా పంపకములు ఈ న్యాయము ననుసరించియే జరిగినవి. అందలి మూలసూత్రము మీ అందరికిని తెలిసినదే. శాస్త్రము చదువని రైతును అడిగినను చెప్పును. ఒకడు తన చెమటతో గడించినది స్వార్జితము, దానిని తన యిచ్చవచ్చినట్లు చేసికొనవచ్చును. తాతముత్తాతలనుండి వచ్చినది పిత్రార్జితము; అందు బిడ్డకు పుట్టుకతోనే హక్కు కలుగును. తండ్రి దయ తలచినందువలన కాదు, బిడ్డ బుద్ధిమంతుడైనందువలన కాదు, పాటుపడినందువలన కాదు, పుట్టినందువలన. వంగదేశమున జీమూతవాహనుడు దాయభాగమున వేరుగా చెప్పెను. తండ్రి గతించిన పిమ్మటనే హక్కు పుట్టునని ఆయన మతము. మనవారు దాని నొల్లలేదు.

ఆ సూత్రములో ఒక పెద్ద లోపముండెను, దానిని దాచుట తగదు. పుట్టుకతో హక్కు కొడుకునకే యనిరి, కూతునకు లేదనిరి. ఆ లోపమును దిద్దుటలో తెలుగునాడు దేశమునకు చాల ముందుగా నడచెను: ఆంధ్రప్రదేశ్ శాసనము వలన 1985 సెప్టెంబరు 5 నుండియే కూతునకు పిత్రార్జితమున పుట్టుహక్కు కలిగెను, దేశమంతటికిని అది 2005లో గాని రాలేదు. పుట్టుహక్కు అను భావము ఒకసారి అంగీకరించిన తరువాత, దాని వృత్తము పెరుగుచునే పోవునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇక యంత్రము సంగతి. అది ఎవని స్వార్జితము? ఆవిరియంత్రము పుట్టినదే బొగ్గుగనియొద్ద; 1712లో ఇంగ్లండున న్యూకొమెన్ యంత్రము గనిలోని నీటిని తోడుటకు నిలుపబడెను. అటుపిమ్మట మూడువందల యేండ్లుగా, ఎందరో కమ్మరులు, గణితజ్ఞులు, కప్పు కూలినప్పుడు ఎందువలన కూలినదో ప్రాణమిచ్చి తెలిపిన ఎందరో గనికార్మికులు కలిసి కూడబెట్టిన జ్ఞానము నేటి షియరర్‌లో ఇమిడియున్నది. గని భద్రతానియమములలో ప్రతి పంక్తి వెనుకను ఒక శవపేటిక కలదని మా బాపు తోడివారు చెప్పెడివారు. ఈ సభనున్న విద్యార్థులారా, మీరు నేడు భయముతోను ఆశతోను చూచుచున్న కృత్రిమమేధయు ఇట్టిదే. కోట్లాది మనుష్యులు వ్రాసిన, పలికిన, సరిదిద్దిన మాటలనుండి అది నేర్చినది. యంత్రమును కొన్నవానికి, నిర్మించినవానికి వారి శ్రమకు తగిన ప్రతిఫలము చెందవలసినదే. అది వారి స్వార్జితము. మిగిలిన మహాభాగము మనుష్యజాతి పిత్రార్జితము. ఇక నేల క్రిందనున్న బొగ్గు సంగతి చెప్పనే అక్కరలేదు, దానిని ఎవడును గడింపలేదు.

ఇది నా కల్పన కాదు. 1797లో టామస్ పెయిన్ అను రాజకీయచింతకుడు, భూమి మనుష్యులందరి ఉమ్మడి సొత్తనియు, దానిని ఆక్రమించినవారు అందరికిని బాకీపడియున్నారనియు వాదించి, ఇరువదియొకటవ యేట ప్రతివానికి 15 పౌన్లును, ఏబదవ యేటినుండి సంవత్సరమునకు 10 పౌన్లును ఈయవలెనని కోరెను. అలాస్కా ప్రజలు 1976లో తమ రాజ్యాంగమును సవరించి, చమురు రాబడిలో ఒక భాగమును శాశ్వతనిధిగా నిలిపిరి. 1982 నుండి అందలి ఆదాయమును ఏటేట ప్రతి నివాసికిని, శిశువునకు సైతము, పంచుచున్నారు. చమురు తరిగినను నిధి మిగులును.

మన సీమలో ఈ న్యాయము వేరొక రూపమున వెలసినది. దానిపేరు వారసత్వ ఉద్యోగము. తండ్రి బాయిలో పనిచేసి అలసినచో ఆ కొలువు కొడుకునకు రావలెనను కోరిక ఈ ప్రాంతమున ఎంత గాఢమైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎన్నికలలో దానిమీదనే గెలిచిరి, ఓడిరి. 2016లో ఆ పథకమును పునరుద్ధరింపగా, 2017 మార్చిలో ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసెను. సర్వోన్నతన్యాయస్థానమును జోక్యము చేసికొనలేదు. పిమ్మట, అనారోగ్యము వలన పనికి తగనివారి బిడ్డలకు కారుణ్యనియామకములు మొదలయ్యెను. నా మాట కొందరికి కటువుగా తోచినను చెప్పక తప్పదు: న్యాయస్థానము చెప్పినది సబబే. ప్రజల సంస్థలో కొలువు ఒక కుటుంబపు ఆస్తి కాజాలదు. బాయిలో తాత లేని దళితకూలి బిడ్డ, ఉపరితలగనికి ఇల్లువాకిళ్లు అప్పగించిన రైతు బిడ్డ ఆ కొలువునకు సమాన హక్కుదారులే.

అయినను ఆ కోరిక వెనుకనున్న న్యాయభావమును తోసివేయుటయు తప్పే. తండ్రి చెమట ఈ సంస్థలో కలిసియున్నది గనుక అందు బిడ్డకు పాలు కలదనుట సత్యము. పొరపాటు ఎక్కడ జరిగినదనగా, ఆ పాలును కొలువు రూపమున కోరుకొంటిమి. కొలువులు తరుగుచున్న కాలమున కొలువులనే పంచుకొనజూచితిమి. ఫలితమెట్టిది? మా వీధిలో ఒక పెద్దమనిషి, నలుబదేండ్ల సర్వీసున్నవాడు, తన ఊపిరితిత్తుల ఎక్స్‌రేలను ఒక గుడ్డసంచిలో పెట్టుకొని వైద్యపరీక్షకు పోవుచు, ‘అన్‌ఫిట్’ అని తేలవలెనని వేములవాడ రాజన్నకు కోడె మ్రొక్కుకొనెను. తిరిగి వచ్చి గడపమీద కూర్చుండి, “ఇంక పనికొస్తవన్నరు బిడ్డా” అని నాతో చెప్పినప్పుడు ఆయన ముఖమున కనిపించిన దుఃఖమును నేను మరువలేను. తాను ఆరోగ్యముగా ఉన్నందుకు ఒక తండ్రి ఏడ్వవలసివచ్చిన ఏర్పాటు న్యాయమైనది కానేరదు. పాలు కొలువుగా గాక ఆదాయముగా, ఒక ఇంటికి గాక ప్రతి మనిషికి చేరినచో ఆ తండ్రికి మ్రొక్కుబడి అవసరముండదు.

ఆదాయరూపమున పాలు ఇచ్చుటయు మనకు క్రొత్త కాదు. సింగరేణిలో కార్మికులకు లాభాల వాటా రెండు దశాబ్దములకు పైగా అందుచున్నది. 2023–24 సంవత్సరమునకు, పెట్టుబడులకు వేరుచేసినది పోగా మిగిలిన లాభములో 33 శాతము, అనగా 796 కోట్ల రూపాయలు పంచిరి. శాశ్వత కార్మికునికి సగటున సుమారు 1 లక్షా 90 వేలు వచ్చెను. ఆ యేడే మొట్టమొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకును కొంత ముట్టజెప్పిరి: తలకు 5 వేలు. ఇది శుభారంభమే. అయినను ఒకే కప్పు క్రింద, ఒకే ప్రమాదమునకు లోనై పనిచేయు ఇద్దరి నడుమ ఇంత అంతరము ఏ ధర్మశాస్త్రమును సమర్థింపదు. కప్పు కూలినప్పుడు సమానులైనవారు పంపకమున అసమానులు కారాదు.

మన పొరుగుననే మరియొక దృష్టాంతము కలదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో ఆరంభమైన రైతుబంధు, పంటకు ఎకరమునకు 4 వేల చొప్పున షరతు లేక రైతుకు నగదునిచ్చెను; నేరుగా నగదునిచ్చు విధానమునకు దేశమున ఇది మార్గదర్శకమయ్యెను. కాని అది భూమిననుసరించి పోయెను, మనిషి ననుసరించి పోలేదు. పదెకరములవానికి పదింతలు, కౌలుదారునకు శూన్యము, కూలికి శూన్యము. 2025 జనవరి 26 నుండి భూమిలేని వ్యవసాయకూలీ కుటుంబములకు ఏటికి 12 వేలు ఇచ్చు ఇందిరమ్మ ఆత్మీయ భరోసాను ప్రకటించినపుడు ఆ లోపమునకు తొలి సవరణ జరిగినది. ఆస్తినిబట్టి గాక పుట్టుకనుబట్టి పాలు అను దిశగా మన రాష్ట్రము తడబడుచునైనను నడచుచున్నదని నా నమ్మకము.

ఇందుకు రెండు ఆక్షేపణలు బలముగా వినవచ్చును. ఊరక డబ్బిచ్చినచో జనులు సోమరులగుదురని మొదటిది. 2011 నుండి మధ్యప్రదేశ్ పల్లెలలో ‘సేవ’ అను శ్రామికమహిళాసంఘము, యునిసెఫ్ కలిసి మొదట పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయల చొప్పున, పిమ్మట 300, 150 చొప్పున షరతు లేక ఇచ్చి పరిశీలించిరి. జనులు పని మానలేదు సరికదా, కూలి తగ్గించుకొని సొంతచేనులో, సొంత మేకలతో ఎక్కువ పాటుపడిరి. పని మీద ప్రీతి ఆకలివలననే కలుగునని తలచువారు శ్రామికుని ఎరుగనివారు.

రెండవది మరింత గంభీరమైనది, అది నా భయము కూడ. నగదు ఇచ్చుచున్నాము గదా యని చౌకబియ్యమును, ఆసుపత్రిని, బడిని ఉపసంహరించుకొందురేమో. అట్టి సార్వత్రిక ఆదాయమును నేను వ్యతిరేకింతును. 2016–17 కేంద్ర ఆర్థికసర్వే ఈ విషయమునకు ఒక పూర్తి అధ్యాయమునే కేటాయించి మనిషికి సంవత్సరమునకు 7,620 రూపాయలని లెక్కగట్టెను, నెలకు 635. ఆ మొత్తముతో ఎవరును వైద్యమును కొనజాలరు. పిత్రార్జితమున పాలు ఇచ్చి ఇంటి బావిని పూడ్చినచో అది పంపకము కాదు.

పాలు ఏ తీరున అందవలెనను విషయమున, సంస్థ కొలువు విడుచువారికి ఒక్కమారుగా పైకమిచ్చిన స్వచ్ఛంద విరమణకాలమున మన సీమ నేర్చిన పాఠమును ఇచ్చట స్మరింపవలెను. మొత్తముగా చేతికి వచ్చిన పైకము అప్పులవాండ్రకు కొంత, పెండ్లికి కొంత, చిట్టీలకు కొంత పోయి, రెండు మూడేండ్లలో కరగిపోయిన ఇండ్లను మనము చూచితిమి. వారు అవివేకులు కారు. జీవితమంతయు పక్షమునకో నెలకో కూలి లెక్కించుకొన్న చేతులవి. కనుక పాలు ప్రవాహముగా రావలెను, వరదగా కాదు.

ధనమెక్కడిది అను ప్రశ్నకు ఈ నేలయే జవాబు. 2070 నాటికి కర్బన ఉద్గారములను నికరముగా శూన్యము చేయుదుమని మన దేశము 2021లో గ్లాస్గోలో మాటయిచ్చినది. అనగా ఈ సభలోని పసిబిడ్డలు వృద్ధులగునాటికి బొగ్గు కాలము ముగియును. ఒకసారి తీసిన బొగ్గు మరల పుట్టదు. దానిని అమ్మిన సొమ్మును ఏ యేటికాయేడు ఖర్చుచేయుట, మూలధనమును అమ్ముకొని తినుట వంటిది. రాయల్టీలో, లాభములో ఒక నిశ్చితభాగమును ఎవరును కదపరాని శాశ్వతనిధిగా నిలిపి, దాని రాబడిని మొదట గనిప్రాంతపు ప్రతి నివాసికి, క్రమముగా రాష్ట్రమందలి ప్రతి వ్యక్తికి పంచవచ్చును. బొగ్గు ఒక్కటియే రాష్ట్రమంతటిని పోషింపజాలదని నేనెరుగుదును. యంత్రములవలన లాభపడు ఇతర పరిశ్రమలును, హైదరాబాదులో వెలసిన సాఫ్ట్‌వేర్ సంస్థలును తమ వంతు చేర్చవలెను. కాని ఆరంభము ప్రజయే యజమానిగానున్న సంస్థయందు జరుగుట సహజము. ఇతరులను అడుగు నైతికాధికారము అప్పుడే కలుగును.

సంస్థ యాజమాన్యమును, కార్మికసంఘములను, రెండు ప్రభుత్వములను ఈ సభాముఖమున నేను వేడుకొనునది ఇది. రాబోవు సంవత్సరపు లాభాల వాటాను నిర్ణయించు దినమున ఆ నిధికి తొలి మొత్తమును వేరుచేయుడు. మస్టర్‌లో పేరున్నవారితో పాటు కాంట్రాక్టు కార్మికుల పేర్లును, ఊళ్లను అప్పగించి వెడలినవారి పేర్లును, 7 ఎల్‌ఈపీలోను అడ్రియాలలోను పోయినవారి బిడ్డల పేర్లును, కొడుకులవే కాక కూతుళ్లవి సైతము, ఒకే పట్టికలో, ఒకే మొత్తమునకు ఎదురుగా వ్రాయుడు.